మోర్త్‌ఫొంతేన్ సరస్సు: జ్ఞాపకంలోంచి తయారైన ప్రశాంతత

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 65 సెంటీమీటర్ల ఎత్తు, 89 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక తైలవర్ణ చిత్రం ఉంది. ఆ మ్యూజియంలో గోడ నిండా పరుచుకున్న యుద్ధ చిత్రాలు, పట్టాభిషేక చిత్రాల పక్కన దీని పరిమాణం ఏ మూలకూ రాదు. చిత్రంలో కుడివైపున ఒక పెద్ద చెట్టు ఉంటుంది. దాని మాను నిటారుగా నిలబడక ఎడమకు ఒరిగి, ఆకుల గుబురుతో చిత్రం పైభాగాన్ని చాలావరకు కప్పేస్తుంది. ఎడమవైపున ఒక సన్నని చెట్టు, దాదాపు మోడు. దాని పక్కన ఒక స్త్రీ చేతులు పైకెత్తి ఏదో తెంపుతూ ఉంటుంది. ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు; ఒకరు పైకి చెయ్యి చాస్తుంటే, మరొకరు నేల మీదికి వంగి పూలు ఏరుకుంటున్నారు. వాళ్ల వెనక కదలిక లేని సరస్సు, దాని ఆవల పొగమంచులో కరిగిపోయినట్టున్న గట్టు. ఇంతకు మించి చిత్రంలో మరేమీ జరగదు.

ఈ చిత్రం పేరు ‘సువెనీర్ ద మోర్త్‌ఫొంతేన్’, అంటే ‘మోర్త్‌ఫొంతేన్ జ్ఞాపకం’. చిత్రకారుడు జాఁ బాతిస్త్ కమీయ్ కోరో. 1864లో ఫ్రాన్స్ అధికారిక కళా ప్రదర్శన అయిన పారిస్ సలోన్‌లో దీన్ని పెట్టేనాటికి ఆయన వయసు 67 ఏళ్లు. చక్రవర్తి మూడవ నెపోలియన్ ఆ ప్రదర్శనలోనే దీన్ని కొన్నాడు. కొంతకాలం ఫొంతేన్‌బ్లో రాజభవనంలో ఉండి, 1889లో ఇది లూవ్ర్‌కు చేరింది. ఫ్రెంచి పల్లెసీమ ప్రశాంతత అనగానే ఉదాహరణగా చూపే చిత్రాల్లో ఇది ఒకటి. అయితే ఆ ప్రశాంతత మోర్త్‌ఫొంతేన్ అనే చోటు నుంచి వచ్చిందనుకుంటే చిత్రాన్ని సగమే చూసినట్టు. అది వచ్చింది కొంత జ్ఞాపకం చేసే వడపోత నుంచి, కొంత వెలుగునీడల మోతాదు నుంచి, మరికొంత చిత్రంలోకి రానివ్వకుండా ఆపిన వాటి నుంచి.

పేరుతోనే మొదలుపెట్టవచ్చు. ఈ ఫ్రెంచి మాట ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి కూడా వచ్చింది. మహాసభలకు, స్వర్ణోత్సవాలకు వేసే ప్రత్యేక సంచికను ‘సావనీర్’ అంటున్నాం. యాత్రాస్థలంలో కొని ఇంటికి తెచ్చుకునే చిన్న బొమ్మనూ అలాగే అంటున్నాం. ఫ్రెంచిలో దాని అసలు అర్థం మాత్రం జ్ఞాపకం, గుర్తుకు రావడం. కోరో 1850ల నుంచి తన చిత్రాలకు ఈ మాటను పదేపదే పెట్టాడు. 1855 అంతర్జాతీయ ప్రదర్శనలో మూడవ నెపోలియన్ కొన్న చిత్రం పేరు కూడా ‘మార్కుసీ జ్ఞాపకం’ అనే అర్థంలోనే ఉంది. ఇది చూసేవారికి ఇచ్చిన ముందస్తు సూచన లాంటిది. ఫలానా ఊరు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ చిత్రాన్ని చూడవద్దు, ఆ ఊరు మనసులో మిగిల్చిన దాన్ని చూడండి అని దాని భావం. కాబట్టి ఈ సరస్సు గట్టున అచ్చంగా ఇలాంటి చెట్టు ఉండేదా, అది ఇలాగే వంగి ఉండేదా అని వెతకడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

మోర్త్‌ఫొంతేన్ నిజంగా ఉన్న ఊరే. పారిస్‌కు ఉత్తరాన వాజ్ జిల్లాలో ఉంటుంది. కోరో అక్కడికి చాలాసార్లు వెళ్లాడు. అయితే ఆ సరస్సులు, వాటి చుట్టూ ఉన్న చెట్ల తోపులు ప్రకృతి దానంతట అది ఏర్పరిచినవి కావు. ఒక జమీందారీ భవనం చుట్టూ 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఉద్యానవనాల పద్ధతిలో తీర్చిదిద్దిన ఎస్టేటు అది. గీత గీసినట్టుండే దారులు, సమానంగా కత్తిరించిన చెట్ల వరసలు ఉండే ఫ్రెంచి రాచతోటల పద్ధతిని పక్కనపెట్టి, మనిషి చెయ్యి పడనట్టు కనిపించేలా ఎంతో శ్రమపడి తోటను తయారుచేయడం ఆనాటి సంపన్నుల కొత్త అభిరుచి. తర్వాత ఆ ఎస్టేటు మొదటి నెపోలియన్‌కు అన్నగారైన జోసెఫ్ బోనపార్ట్ చేతికి వచ్చింది. 1800లో ఫ్రాన్స్, అమెరికాల మధ్య ఒప్పందం కుదిరింది కూడా అక్కడే. అంటే కోరో గుర్తుపెట్టుకున్న ‘పల్లె’ అప్పటికే ఒకసారి చిత్రంలా రూపొందించిన నేల. తోట వేసినవాళ్లు మట్టితో, నీటితో చేసిన పనిని ఆయన మరోసారి రంగులతో చేశాడు.

ఈ రెండో పని వెనక దాదాపు నలభై ఏళ్ల సాధన ఉంది. కోరో 1796 జూలై 16న పారిస్‌లో పుట్టాడు. తల్లి ఆడవాళ్ల టోపీల దుకాణం నడిపేది. ఆ వ్యాపారం బాగా సాగడంతో కుటుంబానికి లోటు లేకపోయింది. కొడుకును బట్టల వ్యాపారంలో పెట్టారు గాని అందులో అతను రాణించలేదు. చివరికి 1822లో, అతనికి 26 ఏళ్ల వయసులో, తల్లిదండ్రులు ఏడాదికి 1,500 ఫ్రాంకుల భత్యం ఏర్పాటు చేసి బొమ్మలు వేసుకోనిచ్చారు. ఈ సంగతి చిన్నదిగా కనిపించినా, దీన్ని తీసిపారేయడానికి లేదు. తొలి దశాబ్దాల్లో బొమ్మ అమ్ముడైతే తప్ప పూట గడవని స్థితి కోరోకు లేదు. ఆయన చిత్రాల్లోని తొందరలేనితనానికి స్వభావంతోపాటు ఈ భత్యం కూడా కొంత కారణమనిపిస్తుంది.

ఆయన మొదటి గురువు అషీల్ ఎత్నా మిషలోఁ. అతను 1822లోనే చనిపోతే, తర్వాత జాఁ విక్తర్ బెర్తేఁ దగ్గర చేరాడు. ఇద్దరూ పియెర్ ఆంరీ ద వలాఁసియెన్ సంప్రదాయానికి చెందినవారు. ఆ సంప్రదాయంలో ప్రకృతి చిత్రణకు రెండు మెట్లు ఉండేవి. మొదట బయటికి వెళ్లి, కాగితం మీద తైలవర్ణాలతో, వెలుగు మారిపోయేలోపు చకచకా అధ్యయనాలు చేసుకోవాలి. తర్వాత స్టూడియోలో కూర్చుని, వాటిలోంచి ఏరి, కూర్చి, పురాణ పాత్రలో గొర్రెల కాపరులో కనిపించే గంభీరమైన చిత్రం తయారుచేయాలి. ప్రదర్శనకు అర్హమైనది రెండోదే. మొదటిది పనిముట్టు మాత్రమే. ఆనాటి కళా అకాడమీ లెక్కలో చారిత్రక చిత్రం అన్నిటికంటే పైన, ప్రకృతి చిత్రం చాలా కింద ఉండేవి. అందుకే ప్రకృతి చిత్రంలో కాస్త చరిత్రనో పురాణాన్నో కలిపి దాని హోదా పెంచే ప్రయత్నం జరిగింది. 1817లో ‘చారిత్రక ప్రకృతి చిత్రం’ అనే విభాగానికి రోమ్ బహుమతి పెట్టడం అందులో భాగమే. ఆ బహుమతిని మొదట గెలుచుకున్నది మిషలోఁ.

1825 నుంచి 1828 వరకు కోరో ఇటలీలో గడిపాడు. 1826లో నార్నీ అనే చోట, అగస్టస్ కాలపు రోమన్ వంతెన శిథిలాలను చూస్తూ కాగితం మీద వేసిన చిన్న అధ్యయనం ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. అందులో ముందుభాగం అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. వాలు మీద నుంచి చూపు నేరుగా నది మీద పడుతుంది. పొడి నేల, మట్టి రంగు నీరు, కళ్లు చిట్లించాల్సినంత వెలుగు. దాని ఆధారంగా 1827 సలోన్ కోసం తయారుచేసిన పెద్ద చిత్రం ఇప్పుడు కెనడా జాతీయ గ్యాలరీలో ఉంది. అందులో ముందువైపు గట్టు, దాని మీద పశువులు, కాపరులు, పక్కన గొడుగుల్లాంటి పైన్ చెట్లు వచ్చి చేరాయి. వంతెన వెనక్కి జరిగి మర్యాదగా నిలబడింది. ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులు చాలామంది మొదటిదాన్నే మెచ్చుకున్నారు, రెండోదాన్ని పాఠం అప్పజెప్పినట్టుందన్నారు. ఆ తీర్పు తప్పు కాదు. అయితే దాన్నే పట్టుకుంటే, ముసలితనంలో కోరో వేసిన ‘జ్ఞాపకాలు’ కూడా స్టూడియోలో కూర్చిన అబద్ధాలుగా కనిపించే ప్రమాదం ఉంది. నిజానికి అవి ఈ రెండు మెట్ల మధ్య దూరాన్ని తొలగించే ప్రయత్నాలు. మోర్త్‌ఫొంతేన్ చిత్రంలో కూర్పు స్టూడియోదే. గాలి మాత్రం బయటిది.

ఇక ఆ గాలిని ఆయన ఎలా పట్టుకున్నాడన్నది చిత్రానికి కీలకం. కోరో ఎక్కువగా మాట్లాడిన విషయం రంగు కాదు, ఫ్రెంచి చిత్రకారులు ‘వాల్యూర్’ అనే వెలుగునీడల మోతాదు. ఒక వస్తువు ఎరుపా ఆకుపచ్చా అన్నదాన్ని పక్కనపెట్టి, అది పక్కనున్న దానికంటే ఎంత ముదురు, ఎంత లేత అని చూడటం ఇందులోని పద్ధతి. ముందు ఆకృతి, ఆ తర్వాత ఈ మోతాదులు, రంగు ఆ తర్వాతే అన్నది ఆయన క్రమం. మోర్త్‌ఫొంతేన్ చిత్రంలో ఆ క్రమం స్పష్టంగా తెలుస్తుంది. రంగు కోసం వెతికితే దొరికేది కొద్దిగానే. వెండి పూత పూసినట్టున్న బూడిద రంగు, పాలు కలిపినట్టున్న ఆకుపచ్చ, అక్కడక్కడ గోధుమ. రంగుల్లో తెలుపు ధారాళంగా కలవడం వల్ల అన్నీ ఒకే కుటుంబానికి చెందినట్టు కనిపిస్తాయి. కాని మోతాదుల కోసం వెతికితే ఎంతో ఉంది. దగ్గరి నేల, పెద్ద చెట్టు మాను అన్నిటికంటే ముదురు. అక్కడి నుంచి లోపలికి పోయినకొద్దీ ముదురు తగ్గుతుంది. ఆవలి గట్టుకు చేరేసరికి గట్టుకు, నీటికి, ఆకాశానికి మధ్య ఉన్న తేడా దాదాపు ఊహించుకోవాల్సినంత పలచబడుతుంది.

మన కన్ను సహజంగా తేడా ఎక్కువగా ఉన్నచోటికి పరుగెడుతుంది. ముదురు పక్కన లేత, మొన పక్కన వంపు ఉంటే అక్కడ ఆగుతుంది, మళ్లీ మరో చోటికి దూకుతుంది. కోరో ఈ దూకుళ్లను తగ్గించాడు. అంచులను కత్తితో కోసినట్టు కాకుండా, తడి బట్ట మీద చుక్క పడినట్టు వదిలాడు. ఆకుల గుబురు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో చెప్పలేం. గుబురు లోపలికి ఆకాశం చొరబడి ఉంటుంది. దాంతో చూపు దూకకుండా జారుతుంది. ప్రశాంతత అని మనం పిలిచే అనుభవంలో చాలా భాగం ఈ జారడమే. చూపుకు పని లేకుండా కాదు. స్త్రీ దుస్తుల్లో కాస్త ఎర్రదనం, గడ్డిలో పూల చుక్కలు ఉన్నాయి. చప్పుడు లేని గదిలో చిన్న గంట మోగితే పెద్దగా వినిపించినట్టు, ఈ బూడిద రంగుల మధ్య ఆ కాస్త ఎరుపే చాలా దూరం నుంచి కనిపిస్తుంది.

కూర్పులో మరో నేర్పు ఉంది. కుడిచెట్టు అంత బరువుగా ఒకవైపు ఒరిగితే చిత్రం కూడా ఆ పక్కకు ఒరిగినట్టు అనిపించాలి. అలా అనిపించదు. ఎడమనున్న సన్నని చెట్టు, దాని పక్కన చేతులెత్తిన స్త్రీ కలిసి ఆ బరువును ఆపుతారు. ఒక మహావృక్షాన్ని ఒక మోడు, ముగ్గురు మనుషులు తూకంలో నిలబెట్టడం లెక్క ప్రకారం అసాధ్యం. మనిషి రూపం ఎంత చిన్నదైనా చూసేవారి దృష్టిలో దానికి బరువు ఎక్కువ కాబట్టి ఇది సాధ్యమైంది. స్త్రీ చేతులు పైకి, చెట్టు కొమ్మలు ఆమె వైపుకి; ఈ రెండు కదలికలు మధ్యలో ఉన్న నీటి మీద ఎక్కడా కలవకుండానే కలిసినట్టుంటాయి.

ఆకుల ఈ మసకదనానికి ఫొటోగ్రఫీ కారణమని కళా చరిత్రకారులు కొందరు వాదించారు. దీనికి ఆధారం లేకపోలేదు. ఆ రోజుల్లో ఫొటో తీయడానికి చాలాసేపు పట్టేది కాబట్టి గాలికి కదిలే ఆకులు ఫొటోలో మసకగా పడేవి. గాజు పలకల మీద వెలుగు అంచులు దాటి పాకి, కొమ్మల చుట్టూ తెల్లని వలయంలా కనిపించేది. కోరో ఫొటోలు సేకరించేవాడు. అంతేకాదు, 1853 నుంచి ఆరాస్ పట్టణంలోని మిత్రుల ప్రోత్సాహంతో ‘క్లిషే వెర్’ అనే పద్ధతిలో పదుల సంఖ్యలో బొమ్మలు చేశాడు. ఇందులో గాజు పలకకు వెలుగు చొరని పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. పలకను ఫొటో కాగితం మీద పెట్టి ఎండ చూపిస్తే గీత పడినచోట కాగితం నల్లబడుతుంది. కెమెరా లేకుండా తయారయ్యే ఫొటో ఇది. ఇంత దగ్గరి సంబంధం ఉన్న మనిషి చూపు మీద ఫొటో ప్రభావం లేదనడం కష్టం. అయితే అన్నిటికీ అదే కారణమంటే వాదనను మరీ సాగదీసినట్టవుతుంది. కోరో సంగీత నాటకాలంటే ప్రాణం పెట్టేవాడు. 1850 నాటి ‘ఉదయం, వనకన్యల నాట్యం’ చిత్రంలో చెట్లు రంగస్థలం తెరల్లా రెండు పక్కలా నిలబడి ఉంటాయి. పైగా మసకదనం జ్ఞాపకానికి సహజ గుణం. కళ్లు మూసుకుని తెలిసిన చెట్టును గుర్తుచేసుకుంటే గుర్తొచ్చేది ఆకులు కాదు, దాని ఒడ్డూ పొడుగూ, అది పరిచిన నీడ.

చిత్రంలో లేనివి ఏమిటో తెలియాలంటే 1864 నాటి ఫ్రాన్స్‌ను చూడాలి. 1853లో పారిస్ పాలనాధికారిగా వచ్చిన ఓస్మాన్ పాత వీధులను కూలగొట్టి వెడల్పాటి రాజమార్గాలు వేయిస్తున్నాడు. 1851లో 10 లక్షల పైచిలుకు ఉన్న నగర జనాభా, చుట్టుపక్కల ఊళ్లను 1860లో కలుపుకోవడంతో 1861 నాటికి 16 లక్షలు దాటింది. రైలు మార్గాలు నగరం నుంచి అన్ని వైపులకూ వెళుతున్నాయి. కోరో చిత్రంలో రైలు లేదు, పొగగొట్టం లేదు, దుమ్ము లేదు. అంతకంటే ముఖ్యంగా, పని లేదు. స్త్రీ ఏదో తెంపుతోంది గాని అది కూలికి చేసే పనిలా లేదు. ఏడేళ్ల ముందు, 1857లో, జాఁ ఫ్రాంస్వా మియే ‘పరిగె ఏరుకునేవాళ్లు’ చిత్రాన్ని ఇదే సలోన్‌లో పెట్టినప్పుడు, కోసిన చేలో రాలిన కంకులు ఏరుకుంటున్న ముగ్గురు పేద ఆడవాళ్లను చూసి సంపన్న వర్గాల విమర్శకులు కలవరపడ్డారు. 1848 విప్లవాన్ని చూసినవారికి ఆ వంగిన నడుముల్లో మరో తిరుగుబాటు కనిపించింది. మోర్త్‌ఫొంతేన్ చిత్రంలో కూడా పల్లె స్త్రీ ఉంది, వంగి ఏరుకుంటున్న రూపం ఉంది. కాని ఏరుకునేది పూలు, ఏరుతున్నది పిల్లలు. మియే బొమ్మలో ఆకలి ఉన్నచోట ఇక్కడ ఆట ఉంది.

నగరాన్ని కూలగొట్టిస్తున్న చక్రవర్తే ఈ చిత్రాన్ని కొనుక్కోవడంలో వింత ఏమీ లేదు. ఇటుక దుమ్ము లేచే నగరంలో ఉన్నవారికే కదలని సరస్సు మీద మమకారం పుడుతుంది. ఆ కాలంలోనే ఫొంతేన్‌బ్లో అడవిలో చెట్లను నరకవద్దని తియొదోర్ రూసో తదితర చిత్రకారులు పోరాడారు. 1861లో వచ్చిన చక్రవర్తి ఆజ్ఞతో సుమారు 1,097 హెక్టార్ల అడవిని చూడటానికి అందంగా ఉందన్న కారణం మీదే కాపాడారు. కలపగా, వేటస్థలంగా లెక్కకొచ్చిన అడవికి ‘చూడదగ్గది’ అన్న కొత్త విలువ చట్టంలోకి ఎక్కింది. అయితే కోరోను వాస్తవం నుంచి పారిపోయిన మనిషి అని తేలిగ్గా అనలేం. 1870–71లో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరంలోని పేదలకు 20,000 ఫ్రాంకులు ఇచ్చినవాడు, చూపు మందగించిన చిత్రకారుడు ఓనోరే దోమియేకు ఇల్లు ఏర్పాటు చేసినవాడు, మియే చనిపోయాక అతని భార్యకు 10,000 ఫ్రాంకులు పంపినవాడు ఆయనే. పేదరికం ఆయనకు కనిపించింది. దాన్ని బొమ్మలోకి తేలేదు, అంతే. ఆ నిర్ణయం వల్ల చిత్రానికి దక్కినదీ ఉంది, దూరమైనదీ ఉంది.

ఈ రకం చిత్రాలకు గిరాకీ పెరగడంతో ఒక ఇబ్బంది వచ్చింది. వెండి పొగమంచు, వంగిన చెట్టు, నీరు, ఒక ఎర్రని చుక్క అన్నది తేలిగ్గా పట్టుబడే సూత్రమైపోయింది. కోరో తానే దాన్ని పలుమార్లు వాడాడు. న్యూయార్క్‌లోని ఫ్రిక్ సేకరణలో ఉన్న ‘మోర్త్‌ఫొంతేన్ పడవవాడు’ చిత్రంలో ఇదే చోటు, ఇదే గాలి మళ్లీ కనిపిస్తాయి. శిష్యులు ఆయన బొమ్మలకు నకళ్లు వేసేవారు. కొన్నిటిని ఆయనే సరిదిద్దేవాడు, సంతకం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆపైన దొంగ బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. 1905లో అచ్చైన ఆల్‌ఫ్రెద్ రొబో పట్టిక 2,400కు పైగా చిత్రాలను కోరోవిగా నమోదు చేసింది. ఆయన వేసిన వాటికంటే అమెరికాలోనే ఎక్కువ ఉన్నాయన్న హాస్యోక్తి కళా వ్యాపారంలో ఇప్పటికీ చెలామణి అవుతోంది. నకలు బొమ్మల్లో సాధారణంగా దొరికేది మసకదనమే. మోతాదుల మెట్లు ఉండవు. మసక అంతటా సమానంగా ఉంటే అది మంచులా కాక మురికిలా కనిపిస్తుంది.

1875 ఫిబ్రవరి 22న కోరో చనిపోయేనాటికి ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన జరిగి ఏడాది కూడా కాలేదు. ఆ బృందంలో కమీయ్ పిసారో 1860లలో సలోన్ పట్టికల్లో తనను కోరో శిష్యుడిగా రాయించుకున్నవాడు. బెర్త్ మొరిసో ఆయన దగ్గర పాఠాలు నేర్చుకుంది. అయినా వాళ్లు వదిలేసిన మొదటి విషయం జ్ఞాపకమే. ఎదురుగా ఉన్న వెలుగునే వేయాలి, తర్వాత గుర్తుచేసుకుని కూర్చకూడదు అన్నది వాళ్ల పట్టు. 1896–97లో అదే బృందానికి చెందిన క్లోద్ మొనే జివెర్నీ దగ్గర సేన్ నది మీద తెల్లవారకముందే పడవలో కూర్చుని వేసిన ఉదయపు చిత్రాల వరసను మోర్త్‌ఫొంతేన్ పక్కన పెడితే, ఒక పక్క నుంచి నీటి మీదికి వాలిన ఆకుల గుబురు, ఎక్కడ మొదలైందో తెలియని ఆవలి గట్టు, వెండి పొగమంచు అన్నీ మళ్లీ కనిపిస్తాయి. వెలుగు మారినప్పుడల్లా మొనే ఒక కాన్వాస్‌ను పక్కనపెట్టి మరోదాన్ని అందుకున్నాడు. ఆ నది గట్టున చేతులెత్తిన స్త్రీ లేదు, పూలు ఏరే పిల్లలు లేరు.